మౌన వర్గం వారి ఒడియా

గేదెల తవిటినాయుడు అంతర్ముఖుడని ప్రభుత్వం తేల్చిన రోజున అతని పంటి చిగుళ్లు వాచి ఉన్నాయి. కుడి దవడ జామకాయంత అయింది. నోరు తెరిస్తే కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఆ స్థితిలో అతని చేతికి అరవై నాలుగు ప్రశ్నల కాగితం ఇచ్చారు. నలుగురిలో మాట్లాడటం మీకు ఇష్టమా అని మొదటి ప్రశ్న. తవిటినాయుడు నిజాయితీపరుడు కనుక లేదు అనే గడిలో టిక్కు పెట్టాడు. ఒక మూల ఒంటరిగా కూర్చోవాలని ఉంటుందా? ఉంటుంది. ఎవరైనా పలకరిస్తే విసుగు కలుగుతుందా? చాలా.

చిగుళ్లు మూడో రోజుకి తగ్గిపోయాయి. ఫలితం మాత్రం అప్పటికే సర్వీసు పుస్తకంలో ఎర్రసిరాతో ఎక్కేసింది.

నేను ఆ శిక్షణ కేంద్రంలో టైపిస్టును. ఈ వ్యవహారంలో కదిలిన ప్రతి కాగితమూ నా చేతి మీదుగానే కదిలింది. అందుకని జరిగింది జరిగినట్టు చెప్పగలను.

మా పట్టణం నుంచి పదకొండు కిలోమీటర్లు పోతే ఒడిశా. ఇవతలి ఊళ్లలో కూడా సగం ఇళ్లలో ఒడియానే మాట్లాడతారు. ఆ ఊళ్ల పశువుల ఆస్పత్రుల్లో సహాయకులుగా వేసినవాళ్లు ముందు మా సరిహద్దు భాషల శిక్షణ కేంద్రంలో మూడు నెలలుండి ఒడియా పరీక్ష పాసవ్వాలి. పాసైతే ఉద్యోగం ఖాయం, తప్పితే ఇంటికి. పశువుకి ఎలాగూ నోరు లేదు, దాని యజమాని మాట కూడా అర్థం కాకపోతే వైద్యం ఎలా చేస్తారనేది ఈ నిబంధన వెనక ఉన్న ఆలోచన. ఆలోచనలో ఏ తప్పూ లేదు.

ఇరవై ఒక్క ఏళ్లుగా అక్కడ ఒడియా నేర్పింది దండాసి బెహరా మాస్టారు. ఆయన పద్ధతి చాలా మామూలుది. పొద్దున పలక మీద అక్షరాలు దిద్దించేవారు. తర్వాత ఒక కథ చెప్పి, దాన్నే మళ్లీ అందరిచేతా చెప్పించేవారు. గురువారం సంతకి తీసుకెళ్లి, తెలుగు మాట్లాడితే ఊరుకోనని బెదిరించి వంకాయలు బేరం చేయించేవారు. పదిమందిలో తొమ్మిదిమంది పాసయ్యేవాళ్లు. ఆ పద్ధతికి పేరంటూ ఏమీ లేదు. పేరు లేకపోవడమే దాని మీద వచ్చిన మొదటి అభ్యంతరం.

ఆ అభ్యంతరం లేవదీసింది మా డైరెక్టరు విరూపాక్షం గారు. ఆయన ఎక్కడో చలి ప్రదేశంలో జరిగిన నాలుగు రోజుల సదస్సుకి వెళ్లి, ఒక శాలువాతోనూ ఒక సిద్ధాంతంతోనూ తిరిగొచ్చారు. మనిషి స్వభావాన్ని బట్టి భాష అతనిలోకి వెళ్లే దారి మారుతుందని ఆ సిద్ధాంతం. వాచాలుడికి ఒక దారి, ముభావికి ఒక దారి. ఇందులోనూ తప్పు లేదు. మా బెహరా మాస్టారికి కూడా ఈ సంగతి తెలుసు. సిగ్గరిని ముందు వరసలో కూర్చోబెట్టేవారు కాదు, వాగుడుకాయ చేత ఎక్కువ రాయించేవారు. కాకపోతే ఆయన దాన్ని సిద్ధాంతం అనుకోలేదు.

డైరెక్టరు గారు మాస్టారిని గదిలోకి పిలిచి చాలాసేపు మాట్లాడారు. అందులో ఒక్క వాక్యం నాకు బాగా గుర్తుంది.

"మాస్టారూ, ఇన్నేళ్లుగా మీరు అందరికీ ఒకే ఒడియా నేర్పారు. అది శాస్త్రీయం కాదు."

మర్నాడు సర్క్యులరు వచ్చింది. అభ్యాసకులందరికీ స్వభావ నిర్ధారణ పరీక్ష జరిపి నాలుగు వర్గాలుగా విభజించవలెననీ, స్వభావమునకు విరుద్ధముగా ఏ భాషాంశమునూ ఎవరిపైనా రుద్దరాదనీ దాని సారాంశం. వాక్ వర్గం వారు మాట్లాడుట మాత్రమే నేర్వవలెను. వినుట, చదువుట వారి స్వభావము కాదు. మౌన వర్గం వారు వినవచ్చును, చదవవచ్చును, వ్రాయవచ్చును, మాట్లాడరాదు. భావ వర్గం వారికి సుఖదుఃఖములకు సంబంధించిన పదములు. తర్క వర్గం వారికి వ్యాకరణము, పదములు తరువాత. ఒక్కో వర్గానికి ఒక్కో రంగు బిళ్ల చొక్కాకి తగిలించుకోవాలి.

తవిటినాయుడికి నీలం బిళ్ల వచ్చింది. మౌనం.

ఈ తవిటినాయుడు ఎలాంటివాడో చెప్పాలి. టెక్కలిలో బస్సెక్కితే పలాస వచ్చేలోపు పక్క సీటాయన కూతురికి సంబంధం కుదిర్చేసే రకం. పశువులతో కూడా ఆపకుండా మాట్లాడతాడు. సూది వేసే ముందు ఆవుకి ఎందుకు వేస్తున్నాడో వివరిస్తాడు. కొత్త భాష ఏదైనా నోటితోనే నేర్చుకుంటాడు. తప్పులతడకగా మొదలుపెట్టి, ఎదుటివాళ్లు నవ్వితే తనూ నవ్వి, దిద్దుకుని, వారం తిరిగేసరికి వాళ్ల ఇంటి సంగతులు కూడా తెలుసుకుంటాడు. అలాంటివాణ్ణి లైబ్రరీ గదిలో ఒక పుస్తకం ముందు కూర్చోబెట్టి తలుపు దగ్గరికి వేశారు.

సనపల శాంభవిది దీనికి సరిగ్గా తిరగేసిన కథ. ఆమె కూడా అదే జట్టులో శిక్షణకి వచ్చింది. ఎవరైనా పేరడిగితే ముందు చెవులు ఎర్రబడి, తర్వాత పేరు బయటికొచ్చే మనిషి. ప్రశ్నలకి కాదు, లేదు అని జవాబు రాస్తే పెద్దవాళ్లని నొప్పించినట్టవుతుందేమోనని మొహమాటపడి, అరవై నాలుగింటికీ అవును అనే టిక్కు పెట్టింది. అన్నిటికీ అవునన్న మనిషి ఎంత ఉత్సాహవంతురాలో అని డైరెక్టరు గారు ముచ్చటపడి వాక్ వర్గంలో వేశారు. నారింజ రంగు బిళ్ల. రోజుకి ముప్ఫైమంది కొత్తవాళ్లతో ఒడియాలో మాట్లాడి, ఒక్కొక్కరి చేతా ఒక ఫారం మీద సంతకం పెట్టించుకుని రావాలి.

మొదటి రోజు ఆమె బస్టాండు దాకా వెళ్లి, ఒక అరటిపళ్ల బండి వెనక రెండు గంటలు నిలబడి వచ్చేసింది. ఫారం ఖాళీ.

బెహరా మాస్టారికి కూడా పరీక్ష పెట్టారు. బోధించేవారి స్వభావం తెలియకుండా బోధన ఎలా సాగుతుందన్నారు డైరెక్టరు గారు. అవసరం లేకుండా మాట్లాడటం మీకు ఇష్టమా అన్న ప్రశ్నకి మాస్టారు లేదన్నారు. ఆయనకి కూడా నీలం బిళ్ల వచ్చింది. ఆ రోజు నుంచి ఒడియా మాస్టారు ఒడియాలో నోరు విప్పడం నిషిద్ధమైంది. ఆయన తరగతికి వచ్చి, బోర్డు మీద తేదీ వేసి, కుర్చీలో కూర్చునేవారు. వాక్ వర్గం ఎదురుగా కూర్చుని తమకి రాని భాషలో తామే మాట్లాడుకునేది.

మిగిలిన రెండు వర్గాల చదువు చాలా వేగంగా సాగింది. భావ వర్గంలో కొర్ల సింహాద్రి అనే అతను ఉండేవాడు. మూడు వారాల్లో ఒడియాలో ఓదార్చడం, విరహపడటం, క్షమాపణ కోరడం పూర్తిగా వచ్చేశాయి. ఆవుని ఏమంటారో మాత్రం తెలీదు. తర్క వర్గంలో జలుమూరు వేంకటాచలానికి క్రియలన్నీ కంఠస్థం. మూడు కాలాల్లో, రెండు వచనాల్లో ఏ క్రియనైనా విరిచేసేవాడు. ఎవరు చేశారో, దేన్ని చేశారో చెప్పే నామవాచకాలు ఇంకా మంజూరు కాలేదు.

పదో రోజున తవిటినాయుడికి మెమో వెళ్లింది. నేనే టైపు చేశాను. తమరు మౌన వర్గమునకు చెందియుండియు, స్టేషను రోడ్డులోని టీ బడ్డీ వద్ద గుర్తు తెలియని ఒడియా వ్యక్తితో సుమారు ఇరవై నిమిషములు సంభాషించినట్లు తెలియవచ్చినది. ఇందుకు తమపై ఎందుకు చర్య తీసుకొనరాదో మూడు దినములలో తెలుపవలెను. తవిటినాయుడు ఆ కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చాడు. తనకసలు ఆ గది పడటం లేదనీ, అక్షరాలు చూస్తుంటే చీమల బారు చూస్తున్నట్టు నిద్రొస్తోందనీ, మాట్లాడనిస్తే నెలలో నేర్చుకుంటాననీ చెప్పాడు. మళ్లీ పరీక్ష పెట్టించమని బతిమాలాడు. నేను నిబంధన చూసి చెప్పాను. స్వభావం ఆరు నెలలకు ముందు మారరాదు. మారిందని ఎవరైనా అనుకుంటే, వారిని చిన్నప్పటినుంచి ఎరిగిన ఇద్దరు గెజిటెడ్ అధికారులు ధ్రువీకరించాలి.

తవిటినాయుణ్ణి చిన్నప్పటినుంచి ఎరిగినవాళ్లలో గెజిటెడ్ అధికారులెవరూ లేరు. అందరూ గేదెలున్నవాళ్లే.

"శిక్షణ మూడు నెల్లండీ, సొబావం మారడానికి ఆర్నెల్లా?" అన్నాడు. "అంటే నాను మొదట ఫెయిలైపోయి, తరవాత మారాలన్నమాట."

నిబంధన ప్రకారం అంతేనని చెప్పాల్సి వచ్చింది. ఆ మాట చెబుతున్నప్పుడు నా మనసు బాగాలేదు. అతను ఏడేళ్లు దినకూలీగా పశువుల ఆస్పత్రిలో పనిచేసి ఈ ఉద్యోగం తెచ్చుకున్నవాడు. భార్య ఊళ్లో అందరికీ మిఠాయి కూడా పంచేసిందట.

అయితే నిషేధం కేంద్ర ఆవరణకీ బహిరంగ ప్రదేశాలకీ వర్తిస్తుందని మాత్రమే సర్క్యులరులో రాసి ఉంది. ప్రైవేటు ఇళ్ల సంగతి రాయలేదు. ఈ సంగతి నేను తవిటినాయుడితో అన్నానో, లేక అతనికే తట్టిందో, తర్వాత జరిగిన విచారణలో ఎవరూ అడగలేదు కనుక నేనూ చెప్పలేదు. బెహరా మాస్టారి దూడకి కాళ్ల మధ్య పుండు పడింది. దాన్ని చూసే మిషతో తవిటినాయుడు సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లాడు. పెరట్లోకి అడుగుపెట్టగానే పదిహేను రోజులుగా నోరు కట్టేసుకున్న ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారని మాస్టారి భార్య తర్వాత నాతో చెప్పింది. ఆమె వడ్డించిన చల్దన్నం ఇద్దరి ముందూ అలాగే ఉండిపోయిందట. దూడ పుండు వారంలో మానింది. అయినా తవిటినాయుడు రోజూ చూడటానికి వెళుతూనే ఉన్నాడు. పగలు లైబ్రరీలో మౌనంగా కూర్చునేవాడు, సాయంత్రం పెరట్లో అంతా కక్కేసేవాడు. మాస్టారు దొరికినచోటల్లా దిద్దేవారు.

శాంభవికి కూడా ఒక దారి దొరికింది. ముప్ఫై సంతకాల ఫారం ఎనిమిది రోజులు ఖాళీగా ఇచ్చాక ఆమెకీ మెమో వెళ్లింది. తొమ్మిదో రోజున ఫారం నిండా ముప్ఫై గుర్తులతో వచ్చింది. వేలిముద్రలా అంటే అంత చిన్నవి కావు. గుండ్రంగా, సన్నటి గీతలతో, మధ్యలో రెండు ఖాళీలతో ఉన్నాయి. అవి ఆవుల ముట్టెల ముద్రలు. ముట్టె ముద్రతో పశువుని గుర్తుపట్టవచ్చని ఆమె చదువులోనే ఉంది. సరిహద్దు అవతలి ఊరి పొలిమేరలో మేస్తున్న ముప్ఫై ఆవులతో ఒడియాలో మాట్లాడి, ప్రతిదాని ముట్టెకీ సిరా రాసి ఫారం మీద అద్దించుకుని వచ్చింది.

దీని మీద ఫైలు నాలుగు రోజులు నడిచింది. వినేవారు మనుషులై ఉండాలని సర్క్యులరులో లేదు. కొత్తవారై ఉండాలని మాత్రమే ఉంది. ఆ ఆవులు శాంభవికి కొత్తవే. అవి ఒడిశా ఆవులు కనుక ఒడియా వాటికి అర్థమయ్యే అవకాశం ఉందని డైరెక్టరు గారు అంగీకరించి, ఇదొక సృజనాత్మక ధోరణి అని పక్కన రాశారు. ఆ తర్వాత శాంభవి రోజూ పొద్దున్నే ఆవుల దగ్గరికి వెళ్లేది. ఆవులు జవాబు అడగవు, నవ్వవు, తప్పు పట్టవు. కొన్నాళ్లకి వాటిని తోలుకొచ్చే ఆడవాళ్లు, ఈ అమ్మాయి మా ఆవుతో ఏం చెబుతోందని దగ్గరికొచ్చి వినడం మొదలుపెట్టారు. తప్పు పలికితే ఆవు తరఫున వాళ్లు దిద్దేవాళ్లు. శాంభవి ఆవు మొహం వైపే చూస్తూ వాళ్లకి జవాబు చెప్పేది.

మూడో నెలలో పై కార్యాలయం నుంచి అరుంధతి గారనే పరిశీలకురాలు వచ్చారు. ఈ విధానం బాగుంటే మిగతా కేంద్రాల్లోనూ పెట్టాలని ఆలోచన. డైరెక్టరు గారు మాటలతో సరిపెట్టకుండా క్షేత్ర ప్రదర్శన ఏర్పాటు చేశారు. సరిహద్దుకి ఇవతలే ఉన్న కుసుమగాం అనే ఒడియా ఊళ్లో, నిజం రైతు దగ్గర, నిజం పశువుకి, నాలుగు వర్గాల వారూ కలిసి సేవ చేసి చూపించాలి. మనం ఒక మనిషి చేత నాలుగు పనులు చేయించే కాలం పోయిందనీ, నలుగురి చేత ఒక పని చేయించే కాలం వచ్చిందనీ జీపులో ఆవిడకి వివరించారు. నేను నోట్సు రాయడానికి వెనక సీట్లో ఉన్నాను.

మేం వెళ్లేసరికి కుంతలా జెన్నా అనే ముసలామె ఆవు జీడితోటలోకి పోయి, రాలిన జీడిపండ్లు కడుపునిండా తిని వచ్చింది. ఎడమ డొక్క డప్పులా ఉబ్బింది. మెడ చాచి, నోటి నిండా నురగతో, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడింది. ముసలామె ఇంట్లో మనుషులు ఎవరూ లేరు. ఆమె, ఆ ఆవు, అంతే. ప్రదర్శనకి ఇంతకన్నా మంచి సందర్భం దొరకదని డైరెక్టరు గారు సంతోషించారు.

క్రమం ముందే రాసి ఉంది. మొదట భావ వర్గం రంగంలోకి దిగాలి. సింహాద్రి ముసలామె చేతులు పట్టుకుని, మీ దుఃఖం నా దుఃఖం అనీ, కాలమే గాయాలు మాన్పుతుందనీ ఒడియాలో చాలా అందంగా చెప్పాడు. ఆవు అప్పుడే చచ్చిపోయిందనుకుని ముసలామె గొల్లుమంది.

తర్వాత వాక్ వర్గం. శాంభవి ఆవు వైపు తిరిగి, క'ణ హెలా, ఏమైందని అడిగింది. ముసలామె గడగడా చెప్పింది. వినడం శాంభవి వర్గం పని కాదు. విన్నది మౌన వర్గం. తవిటినాయుడు విన్న దాంట్లోంచి ముఖ్యమైనది ఒక చీటీ మీద ఒడియా అక్షరాల్లో రాశాడు. పెట ఫులిచి. కడుపు ఉబ్బింది. ఆ చీటీ తర్క వర్గానికి వెళ్లింది.

వేంకటాచలం చీటీ చూసి, మొదటి మాట నామవాచకం కనుక తన పరిధిలోకి రాదన్నాడు. రెండోది క్రియ. ఉబ్బడం పూర్తయిందా, ఇంకా సాగుతోందా అనేది ఈ రూపాన్ని బట్టి తేల్చాలన్నాడు. తేలిన తర్వాతే చికిత్స ఏమిటో వాక్ వర్గానికి రాసిస్తానన్నాడు. డైరెక్టరు గారు పరిశీలకురాలి వైపు తిరిగి, చూశారా ఎంత లోతుగా వెళుతున్నాడో అన్నారు. సింహాద్రికి తన వంతు అయిపోయినా ఊరుకోబుద్ధి కాక ఆవుని కూడా ఓదార్చాడు.

వేంకటాచలం వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నాడు. ఆవు ముందు కాళ్లు ముడుచుకుని కూలబడింది. నాలుక బయటికొచ్చింది. ముసలామె ఈసారి ఏడవలేదు. ఆవు మెడ పట్టుకుని, ఆ నలుగురి మొహాలూ ఒకదాని తర్వాత ఒకటి చూసింది.

తవిటినాయుడు చొక్కాకున్న నీలం బిళ్ల తీసి జేబులో పెట్టుకున్నాడు.

"తేల ఆణ, మౌసి," అన్నాడు. పిన్నీ, నూనె పట్రా అని. "డర నాహి. భల హెబ." భయం లేదు, బాగైపోతుందని.

ఆ తర్వాత ఇంక ఆపలేదు. రెండు నెలల పగటి మౌనానికి ఒక్కసారి గట్టు తెగింది. ముసలామెని వంటింట్లోకి పంపి, ఇరుగుపొరుగుని కేకలేసి పిలిచి, నలుగురిచేతా ఆవుని లేపించాడు. ముందు కాళ్లు ఎత్తు మీద ఉండేలా నిలబెట్టాడు. నూనె కొద్దికొద్దిగా తాగించాడు. నోట్లో అడ్డంగా వేపకర్ర కట్టి, ఎడమ డొక్కని పిడికిలితో రుద్దుతూ, జీడిపండ్లు ఎన్ని తిన్నాది, ఎప్పుడు తిన్నాది, నీళ్లు తాగిందా అని అడుగుతూనే ఉన్నాడు. మధ్యమధ్య ఆవుతో, లే తల్లీ, ఇంకొంచెం ఓర్చుకో అంటున్నాడు. అంతా ఒడియాలోనే. శాంభవి చీటీల కోసం ఆగకుండా రెండో పక్క డొక్కకి భుజం ఆనించి నిలబడింది. తనకి తెలీకుండానే ముసలామె చెప్పేది వింటూ అతనికి అందిస్తోంది.

పదకొండో నిమిషంలో ఆవు త్రేన్చింది. మామూలు త్రేన్పు కాదు. పక్కింటి పాకలో కోళ్లు ఎగిరాయి. తర్వాత ఇంకొకటి, ఇంకొకటి. డొక్క దిగడం కంటికి కనిపించింది. ముసలామె తవిటినాయుడి నెత్తి మీద రెండు చేతులూ పెట్టి ఏదో అంది. మిగతా మాటలకి అర్థం తర్వాత తవిటినాయుడే చెప్పాడు, ఇది మాత్రం చెప్పలేదు. నాకు భాష రాదు కనుక, నోట్సులో చేతులు పెట్టినది అని మాత్రం రాసుకున్నాను.

ఆ సాయంత్రమే తవిటినాయుడి మీద విచారణకి ఆదేశం టైపు చేశాను. మౌన వర్గీయుడై ఉండి, పదకొండు నిమిషములు, పరిశీలకుల సమక్షమున, ముందస్తు అనుమతి లేకుండ, ధారాళముగా మాట్లాడుట. ధారాళముగా అనే మాట డైరెక్టరు గారు స్వయంగా కలిపారు. నేరం తీవ్రత తెలియాలన్నారు.

విచారణ సంఘంలో డైరెక్టరు గారు, అరుంధతి గారు, ఇంకో అధికారి ఉన్నారు. తవిటినాయుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఉద్యోగం పోయినట్టేనని అతనికి తెలుసు. డైరెక్టరు గారు చాలా బాధగానే అడిగారు, ఎందుకిలా చేశావని. నీ స్వభావానికి నువ్వే ద్రోహం చేసుకున్నావు కదా అన్నారు.

"ఆవు పడిపోనాది కదండీ," అన్నాడు తవిటినాయుడు. "నా సొబావం ఏటో నాకప్పుడు గుర్తు రాలేదు."

తర్వాత సాక్షిగా శాంభవిని పిలిచారు. ఆమె లోపలికి వచ్చి ముందు గోడల వైపు చూసింది. గోడకి ఒక పశువుల క్యాలెండరు ఉంది. దాని మీద పెద్ద కళ్ల గిత్త బొమ్మ. శాంభవి దాని వైపు తిరిగి, ఊపిరి తీసుకుని, మాట్లాడటం మొదలుపెట్టింది. ఒడియాలో. వాక్ వర్గం వారు కేంద్ర ఆవరణలో ఒడియా తప్ప మాట్లాడరాదని సర్క్యులరులోని తొమ్మిదో అంశం. పావుగంట మాట్లాడింది. మధ్యలో ఒకచోట గొంతు పెద్దదైంది, ఒకచోట కళ్లు తుడుచుకుంది, ఒకచోట వేలు డైరెక్టరు గారి వైపు చూపించింది. చెప్పడం అయ్యాక గిత్తకి నమస్కారం పెట్టి కూర్చుంది.

తవిటినాయుడికి తప్ప గదిలో ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు.

బెహరా మాస్టారిని పిలిపించి తెలుగులో చెప్పమన్నారు. ఒడియా పలక్కుండా అర్థం చెప్పడం కుదరదన్నట్టు మాస్టారు చొక్కా మీది నీలం బిళ్ల చూపించారు. అయితే రాసివ్వమన్నారు. ఆయన వెంటనే కూర్చుని నాలుగు పేజీలు రాసిచ్చారు. ఒడియాలో. మౌన వర్గం వారు వ్రాయవలసినది ఒడియాలోనేనని పన్నెండో అంశం. అరుంధతి గారు ఆ నాలుగు పేజీలూ అటూ ఇటూ తిప్పి డైరెక్టరు గారికి అందించారు. ఆయన కళ్లజోడు పెట్టుకుని శ్రద్ధగా చూశారు. కాగితం తలకిందులుగా ఉందని మాస్టారు తల ఒక పక్కకి వంచి సూచించారు.

"మీకు ఒడియా రాదా, విరూపాక్షం గారూ?" అని అడిగారు అరుంధతి గారు.

ఆయన తొణకలేదు. తనది అయిదో వర్గమనీ, ఈ వర్గం వారు భాష నేర్చుకోరనీ, భాష గురించి తెలుసుకుంటారనీ వివరించారు. పరీక్షలో ఆ వర్గానికి ఇంతవరకూ తానొక్కరే వచ్చారట. ప్రశ్నపత్రం తయారుచేసింది ఆయనే.

అరుంధతి గారు నివేదిక రాయడానికి కూర్చున్నారు. ఆవిడ బుద్ధిలేని మనిషి కాదు. కానీ ఆ పరీక్షని పైవాళ్లు ఆమోదించి సంతకం చేశారు. అది తప్పని రాస్తే ఆ సంతకం తప్పవుతుంది. తవిటినాయుడు మాట్లాడలేదని రాద్దామంటే ఆవు బతికి ఉంది. పైగా కుసుమగాం నుంచి ముప్ఫైమంది వేలిముద్రలు వేసి, ఈ మనిషిని మాకే వెయ్యండి అని అర్జీ పంపారు. పరీక్ష తప్పు కాదు, ఆవు తప్పు కాదు. రెండూ నిజమైతే మిగిలిన దారి ఒక్కటే. పరీక్ష రాసిన మనిషి, ఆవుని బతికించిన మనిషి ఒకరు కారు.

అలా రెండో సర్వీసు పుస్తకం తెరిచారు. గేదెల తవిటినాయుడు (ఒకటి), అంతర్ముఖుడు, శిక్షణలో కొనసాగును. గేదెల తవిటినాయుడు (రెండు), బహిర్ముఖుడు, ఒడియా మౌఖిక పరీక్షలో ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడు, కుసుమగాంలో నియమించడమైనది. మౌఖిక పరీక్ష బెహరా మాస్టారే చేశారు. అందుకోసం ముందు ఆయనకి కూడా ఒక (రెండు) మంజూరు చేయాల్సి వచ్చింది. మొదటి బెహరా మాస్టారు మౌనంగా కుర్చీలో ఉన్నట్టు సంతకం పెట్టేవారు, రెండో ఆయన పలక పట్టుకుని వెనకటిలాగే కథ చెప్పి పాఠం చెప్పేవారు. శాంభవి తానొక్కర్తే చాలని రాసిచ్చింది. ఆమె పరీక్ష పాసై కుసుమగాం పక్క ఊరికి వెళ్లింది. ఇప్పుడు మనుషుల మొహాలు చూసి కూడా మాట్లాడుతుందనీ, బాగా కోపం వస్తే మాత్రం ఆవు వైపు తిరుగుతుందనీ విన్నాను. మా కేంద్రంలో సిబ్బంది సంఖ్య రెట్టింపయిందని డైరెక్టరు గారు వార్షిక నివేదికలో రాశారు.

ఆరు నెలల తర్వాత తనిఖీలో ఒక లోపం బయటపడింది. తవిటినాయుడు (ఒకటి) శిక్షణకి ఒక్క రోజూ హాజరు కాలేదు. సెలవు చీటీ కూడా లేదు. నోటీసు పంపితే ఇంటి తలుపు తాళం వేసి ఉందని తిరిగొచ్చింది. అతని ఆచూకీ తెలిసినవారెవరైనా ఉన్నారా అని చూస్తే, రికార్డుల్లో అదే ఊరు, అదే ఇంటిపేరు, అదే తండ్రి పేరు గల సమీప వ్యక్తి ఒక్కడే కనిపించాడు. కుసుమగాంలోని తవిటినాయుడు (రెండు)కి లేఖ టైపు చేశాను. పై వ్యక్తి ఎక్కడ ఉన్నదీ, ఎందుకు రాకున్నదీ తమకు తెలిసినంతవరకు తెలుపవలెను.

వారంలో జవాబొచ్చింది. మూడే వాక్యాలు.

"పై వ్యక్తిని నేను బాగా ఎరుగుదును. పరీక్ష రోజు తర్వాత ఆయన ఎక్కడికి పోయినదీ నాకు తెలియదు. ఆయన ఎవరితోనూ మాట్లాడే రకం కాదు కనుక, పోయేముందు నాతో కూడా ఏమీ చెప్పలేదు."

డైరెక్టరు గారు దాన్ని రెండుసార్లు చదివారు. తర్వాత పెన్ను తీసి, పక్కన పచ్చసిరాతో, పరీక్షా ఫలితము ధ్రువపడినది అని రాసి, ఫైలు మూసి నాకిచ్చేశారు.